కాకతీయుల మత విధానం

కాకతీయుల మత విధానం అనగా క్రీ.శ. 11వ శతాబ్దం నుండి 1323 వరకు మొదట అనుమకొండ (నేటి హనుమకొండ), తరువాత ఓరుగల్లు (నేటి వరంగల్లు) రాజధానిగా పాలించిన కాకతీయ రాజులు వివిధ మతాల పట్ల అనుసరించిన వైఖరి. ఈ వంశపు తొలి పాలకుల కాలంలో రాజ్యంలో జైనానికి ఆదరణ ఉండేది. 11వ శతాబ్దం చివరి నాటికి రాజవంశం కాలాముఖ శైవం వైపు మళ్ళింది. 13వ శతాబ్దంలో గణపతిదేవుడు గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వర శంభువు వద్ద శివదీక్ష పొందడంతో ఆ మఠం రాజ్యంలో అత్యంత ప్రభావం గల ధార్మిక సంస్థ అయింది.

పాలకుల మతం మారినప్పుడు పాత మతాన్ని అనుసరించే ప్రజలకు ఏమి జరిగింది అన్నది కాకతీయ చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న. ఓరుగల్లు పతనమైన చాలా కాలానికి వెలువడిన గ్రంథాలు రాజాజ్ఞతో జైనులను హింసించారని చెబుతున్నాయి. ఆ రాజుల కాలంలోనే చెక్కిన శాసనాలు మాత్రం ఇంతకంటే భిన్నమైన చిత్రాన్ని చూపుతాయి. ఈ రెండు రకాల ఆధారాలను వేరుగా చూడకపోవడం వలన ఈ విషయంపై అనేక అపోహలు ప్రచారంలో ఉన్నాయి.

నేపథ్యం

కాకతీయుల కంటే ముందే ఉత్తర తెలంగాణలో జైనం బలంగా ఉండేది. 10వ శతాబ్దంలో రాష్ట్రకూటుల సామంతులుగా వేములవాడను పాలించిన చాళుక్యులు జైన కవులను, ఆచార్యులను పోషించారు. కన్నడ ఆదికవిగా పేరొందిన పంపకవి ఈ వంశానికి చెందిన రెండవ అరికేసరి ఆస్థానంలో ఉండేవాడు. పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన కుర్క్యాల శాసనం (కరీంనగర్ జిల్లా బొమ్మలగుట్ట) సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో ఉన్నది. అందులోని కంద పద్యాలు తెలుగు సాహిత్య చరిత్రలో ప్రసిద్ధమైనవి. బద్దెగుడు వేములవాడలో సోమదేవసూరి అనే జైనాచార్యుని కోసం శుభధామ జినాలయాన్ని నిర్మించాడు. అదే వంశపు రాజులు వేములవాడలో శివాలయాలు కూడా కట్టించారు. ఒకే రాజకుటుంబం రెండు మతాలకూ దానాలు చేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

కొలనుపాక (నేటి యాదాద్రి భువనగిరి జిల్లా) ఆ కాలపు ప్రముఖ జైన తీర్థం. అక్కడే సోమేశ్వరాలయం కూడా ఉన్నది. వీరశైవులు కూడా కొలనుపాకను పవిత్ర క్షేత్రంగా భావిస్తారు.

కాకతీయులు మొదట రాష్ట్రకూటులకు, వారి తరువాత కళ్యాణి చాళుక్యులకు సామంతులు. తూర్పు చాళుక్య రాజు దానార్ణవుడు క్రీ.శ. 956లో ఇచ్చిన మాగల్లు శాసనంలో కాకర్త్య గుండ్యన అనే సేనాని ప్రస్తావన ఉన్నది. ఈ గుండ్యన కాకతీయుల పూర్వీకుడని చరిత్రకారులు భావిస్తున్నారు. సామంతులుగా ఉన్న రోజులలో కాకతీయులు తమ సార్వభౌముల ఆచారాలను, శాసన భాషను చాలా వరకు అనుసరించారు. అందువలన వారి తొలి శాసనాలు కన్నడంలో ఉన్నాయి.

కాకతి దేవత

"కాకతి" అనే దేవతను పూజించడం వలన ఈ వంశానికి కాకతీయులు అనే పేరు వచ్చిందని ఒక అభిప్రాయం. విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయానికి వ్యాఖ్యానం వ్రాసిన కుమారస్వామి సోమపీథి, కాకతి అనగా దుర్గ అని, ఆమె ఏకశిలానగరపు దేవత అని వివరించాడు. ఈమె మొదట జైన దేవత అయి ఉండవచ్చునని, జైనుల యక్షిణి కూష్మాండినికి రూపమని కొందరు చరిత్రకారులు అభిప్రాయపడ్డారు. రాజవంశం శైవంలోకి మారిన తరువాత అదే దేవత దుర్గగా పూజలందుకున్నదని వారి వాదన. ఇది ఊహాత్మకమైన వాదనే అయినా, ఒక మతపు దేవత మరొక మతంలో కలిసిపోవడానికి అనుమకొండలోనే స్పష్టమైన ఉదాహరణ ఉన్నది. అది పద్మాక్షి గుట్ట.

తొలి రాజులు - జైనం

మొదటి బేతరాజు కాలపు శనిగరం శాసనం (1051) ఆయన మంత్రి నారణయ్య శనిగరంలోని యుద్ధమల్ల జినాలయాన్ని పునరుద్ధరించినట్లు తెలుపుతున్నది. యుద్ధమల్లుడు అనేది వేములవాడ చాళుక్య రాజుల పేరు. అనగా పూర్వపు పాలకుల పేరుతో ఉన్న జైన దేవాలయాన్ని కొత్త పాలకుల మంత్రి కాపాడాడు.

హనుమకొండలోని అగ్గలయ్య గుట్టపై పెద్ద రాతి శిల్పాలుగా చెక్కిన తీర్థంకరుల విగ్రహాలు ఈ పట్టణంలో జైనం ఎంత పాతుకుపోయి ఉండేదో తెలుపుతాయి.

కాలాముఖ శైవం - రామేశ్వర పండితుడు

11వ శతాబ్దంలో దక్కను అంతటా శైవ మఠాలు విస్తరించాయి. వీటిలో కాలాముఖ శాఖ ముఖ్యమైనది. కాలాముఖులు లకులీశుని సంప్రదాయానికి చెందిన శైవులు. కర్ణాటకలోని బళ్ళిగావె వారి ప్రసిద్ధ కేంద్రం. వారి మఠాలు విద్యాకేంద్రాలుగా కూడా పనిచేసేవి. కళ్యాణి చాళుక్య చక్రవర్తులు ఈ మఠాలకు విరివిగా దానాలు ఇచ్చారు.

కాకతీయ రాజ్యంలో ఈ శాఖకు ప్రతినిధి రామేశ్వర పండితుడు. ఆయన శ్రీశైలంలోని మల్లికార్జున శిలామఠానికి అధిపతి. కాజీపేట దర్గా వద్ద లభించిన శాసనాల ద్వారా రెండవ బేతరాజు ఈ ఆచార్యుని శిష్యుడై ఆయనకు దానాలు ఇచ్చినట్లు తెలుస్తున్నది. దానంగా ఇచ్చిన ప్రదేశానికి శివపురం అని పేరు పెట్టారు. బేతరాజు కుమారుడు దుర్గరాజు కూడా 1098 నాటి శాసనంలో ఈ ఆచార్యుని గౌరవించాడు.

ఈ మార్పుకు భక్తి ఒక్కటే కారణం కాదు. రెండవ బేతరాజు మంత్రి వైజ దండనాథుడు తన ప్రభువును కళ్యాణి చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని దర్శనానికి తీసుకొనివెళ్ళి, సబ్బి వేయి మండలాన్ని సంపాదించి పెట్టాడని శాసనాలు చెబుతున్నాయి. సార్వభౌముడు ఆదరించే మఠాన్ని తామూ ఆదరించడం సామంతునికి రాజకీయంగా లాభదాయకం. శ్రీశైలం వంటి మహాక్షేత్రంతో సంబంధం వలన కొత్తగా ఎదుగుతున్న రాజవంశానికి ప్రతిష్ఠ కూడా లభించింది.

పద్మాక్షి గుట్ట శాసనం (1117)

రాజు శైవుడైన తరువాత జైనం ఏమయింది అనే ప్రశ్నకు అతి ముఖ్యమైన సమాధానం హనుమకొండలోని పద్మాక్షి గుట్టపై ఉన్నది. చాళుక్య విక్రమ శకం 42వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 1117లో, అక్కడ నాలుగు ముఖాల రాతి స్తంభంపై ఒక శాసనం చెక్కించారు. స్తంభం పైభాగంలో జైన శిల్పాలు ఉన్నాయి.

రెండవ ప్రోలరాజు మంత్రి బేతన పెర్గడ భార్య మైలమ ఈ గుట్టపై కడలాలయ బసదిని నిర్మించి, దానికి భూదానం చేసినట్లు ఈ శాసనం తెలుపుతున్నది. బేతన పెర్గడ పైన చెప్పిన వైజ దండనాథుని కుమారుడు. ఉగ్రవాడి ప్రాంత ప్రభువు మేళరస కూడా ఈ బసదికి దానం చేశాడు.

ఈ శాసనం కాలం గమనించదగినది. రాజవంశం కాలాముఖ ఆచార్యుని శిష్యరికం స్వీకరించి అప్పటికి సుమారు రెండు దశాబ్దాలు గడిచాయి. ఆ రాజు మంత్రి ఇంటి స్త్రీ, రాజధానిలోనే, అందరికీ కనిపించే గుట్టపై జైన బసదిని కట్టించింది. రాజు మతం మారినా మంత్రి కుటుంబం తన మతాన్ని దాచుకోవలసిన అవసరం రాలేదని, దాని వలన పదవికి భంగం కలగలేదని దీనివలన తెలుస్తున్నది.

తరువాతి కాలంలో ఈ బసది హిందూ దేవాలయంగా మారింది. జైనుల దేవత పద్మాక్షి అమ్మవారిగా పూజలందుకోసాగింది. తీర్థంకరుల విగ్రహాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి.

రుద్రదేవుడు - త్రికూటాలయం

రెండవ ప్రోలరాజు కుమారుడు రుద్రదేవుడు (1158-1195) కళ్యాణి చాళుక్యుల ఆధిపత్యాన్ని వదలి స్వతంత్రుడయ్యాడు. 1163లో హనుమకొండలోని వేయిస్తంభాల గుడి వద్ద చెక్కించిన సంస్కృత శాసనం ఈ స్వాతంత్ర్యానికి నిదర్శనంగా భావిస్తారు. దీనిని అచింతేంద్రుడు రచించాడు. ఈ కాలం నుండి కాకతీయ శాసనాలలో కన్నడానికి బదులు సంస్కృతం, తెలుగు ప్రధానమయ్యాయి.

వేయిస్తంభాల గుడి త్రికూటాలయం. ఒకే మండపానికి మూడు వైపులా మూడు గర్భాలయాలు నిర్మించి శివుని, విష్ణువును, సూర్యుని ప్రతిష్ఠించారు. శివునికి రాజు పేరుతో రుద్రేశ్వరుడు అని పేరు పెట్టారు. తాను శైవుడై ఉండి కూడా రుద్రదేవుడు మిగిలిన ఇద్దరు దేవతలకు ఒకే కప్పు కింద స్థానం కల్పించాడు. ఆయన మంత్రి గంగాధరుడు హనుమకొండలో ప్రసన్నకేశవ దేవాలయాన్ని నిర్మించాడు.

దేవునికి దాత పేరు లేదా ప్రభువు పేరు పెట్టడం కాకతీయుల కాలంలో సర్వసాధారణం. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన దేవాలయంలోని శివుడు కూడా రుద్రేశ్వరుడే. రామప్ప గుడిగా ప్రసిద్ధమైన ఈ ఆలయాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. మరొక సేనాని జాయప 1231లో దివిసీమలో తన ప్రభువు పేరుతో గణపేశ్వర దేవాలయాన్ని నిర్మించాడు. ఈ విధంగా శివాలయ నిర్మాణం రాజభక్తిని ప్రకటించే మార్గంగా కూడా మారింది. రాజు ఏ శాసనమూ చేయకపోయినా, రాజు మెప్పు కోరే సామంతులు, సేనానులు శివాలయాల వైపు మొగ్గడానికి ఇది ఒక కారణం.

గణపతిదేవుడు - గోళకీ మఠం

గణపతిదేవుడు (1199-1262) తీరాంధ్రాన్ని జయించి తెలుగు ప్రాంతాలలో అధిక భాగాన్ని ఒకే పాలన కిందికి తెచ్చాడు. ఆయన కాలంలో రాజవంశపు గురుపీఠం కూడా మారింది. కాలాముఖుల స్థానంలో గోళకీ మఠానికి చెందిన శైవ సిద్ధాంత ఆచార్యులు రాజగురువులయ్యారు.

గోళకీ మఠం మొదట నర్మదా తీరంలోని డాహల మండలంలో (నేటి జబల్పూరు ప్రాంతం) వెలసింది. సద్భావ శంభువు అనే ఆచార్యునికి కలచురి రాజు యువరాజు మూడు లక్షల గ్రామాలు ఇచ్చాడని, ఆయన వాటిని మఠానికి సమర్పించాడని మల్కాపురం శాసనం చెబుతున్నది. ఈ సంఖ్యలో అతిశయోక్తి ఉన్నా, మఠం ఎంత సంపన్నమైనదో దీనివలన ఊహించవచ్చు.

ఈ పరంపరకు చెందిన విశ్వేశ్వర శంభువు గౌడదేశంలోని దక్షిణ రాఢ (నేటి పశ్చిమ బెంగాల్) ప్రాంతంలోని పూర్వగ్రామానికి చెందినవాడు. గణపతిదేవుడు ఆయన వద్ద శివదీక్ష తీసుకొని దీక్షాపుత్రుడయ్యాడు. శ్రీశైలం, పుష్పగిరి, త్రిపురాంతకం వంటి క్షేత్రాలలో గోళకీ మఠ శాఖలు ఏర్పడ్డాయి.

కొత్తగా జయించిన తీరప్రాంతంలో ఈ మఠాల వలన రాజుకు కలిగిన ప్రయోజనాన్ని కూడా గమనించాలి. మఠాధిపతి స్థానిక ప్రభువుల బంధువు కాదు. దూరదేశం నుండి వచ్చినవాడు, రాజుకు గురువు. భూమి, నీరు, విద్య, అన్నదానం అతని చేతిలో ఉన్న చోట రాజు ప్రతిష్ఠ కూడా నిలిచేది.

మల్కాపురం శాసనం (1261)

గోళకీ మఠం పనితీరును తెలిపే ప్రధాన ఆధారం గుంటూరు జిల్లా తుళ్ళూరు మండలంలోని మల్కాపురం శాసనం. గణపతిదేవుడు మందడం గ్రామాన్ని, ఆయన కుమార్తె రుద్రమదేవి వెలగపూడి గ్రామాన్ని విశ్వేశ్వర శంభువుకు దానమిచ్చినట్లు ఇందులో ఉన్నది. విశ్వేశ్వర శంభువు అక్కడ ఒక గ్రామాన్ని ఏర్పరచి దానికి విశ్వేశ్వర గోళకి అని పేరు పెట్టాడు. 2016 నుండి ఆంధ్ర ప్రదేశ్ సచివాలయం ఇదే వెలగపూడిలో పనిచేస్తున్నది.

శాసనం ప్రకారం అక్కడ నెలకొల్పిన సంస్థలు ఇవి:

* శివాలయం, శుద్ధశైవ మఠం
* విద్యామండపం - ఋగ్వేద, యజుర్వేద, సామవేదాలతో పాటు వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమం మొదలైన శాస్త్రాలు బోధించే అధ్యాపకులు
* ఆరోగ్యశాల - వైద్యునితో సహా
* ప్రసూతిశాల
* అన్నసత్రం

గ్రామంలో స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబాలతో పాటు కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి వంటి వృత్తులవారికి, లెక్కలు వ్రాసే కాయస్థునికి, నర్తకులకు, వాద్యకారులకు జీవనాధారం కల్పించారు. గ్రామ రక్షణకు వీరభద్రులు అనే భటులను నియమించారు. బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని వరకు ఎవరు ఏ వేళ వచ్చినా అన్నం పెట్టాలని శాసనం నిర్దేశించింది.

రాజమతం ఒక ప్రాంతంలో వేళ్ళూనుకోవడానికి ఏమి కావలసి వచ్చేదో ఈ శాసనం విశదం చేస్తున్నది. కొత్త మతం కాన్పు చేసే మంత్రసానిగా, మందిచ్చే వైద్యునిగా, చదువు చెప్పే ఉపాధ్యాయునిగా, ఆకలికి అన్నంగా గ్రామంలో ప్రవేశించింది. దానం పొందిన సంస్థ బలపడింది. దానం అందని సంస్థ క్రమంగా సన్నగిల్లింది.

వైష్ణవం, గ్రామదేవతలు

కాకతీయులు వైష్ణవ క్షేత్రాలను కూడా ఆదరించారు. ప్రతాపరుద్రుని సేనాని దేవరి నాయకుడు 1317లో శ్రీరంగంలో శ్రీరంగనాథునికి దానం చేశాడు. కాకతీయుల రాజముద్ర వరాహం. ఇది విష్ణుమూర్తి అవతారాలలో ఒకటి. శైవులైన రాజులు ఈ చిహ్నాన్ని విడిచిపెట్టలేదు.

సామాన్య ప్రజల ఆరాధన మఠాలకు, ఆగమాలకు వెలుపల కొనసాగింది. కాకతీయుల పతనం తరువాత వినుకొండ వల్లభరాయని పేరుతో వెలువడిన క్రీడాభిరామం ఓరుగల్లులోని ఏకవీర, మైలారదేవుడు, కాకతమ్మ వంటి దేవతలను, వారి భక్తుల ఆచారాలను వర్ణిస్తున్నది. రాజగురువులు మారినా ఈ దేవతలు మారలేదు.

వీరశైవం

12వ శతాబ్దంలో కళ్యాణి నగరంలో బసవేశ్వరుడు ప్రచారం చేసిన వీరశైవం తెలుగుదేశానికి కూడా వ్యాపించింది. మల్లికార్జున పండితారాధ్యుడు, ఆయన తరువాత పాల్కురికి సోమనాథుడు దీనికి సాహిత్య రూపం ఇచ్చారు. సోమనాథుని బసవపురాణం, పండితారాధ్య చరిత్ర దేశికవితలో, ద్విపద ఛందస్సులో వ్రాసినవి.

వీరశైవాన్ని కాకతీయుల రాజమతంగా పొరబడడం సాధారణంగా జరుగుతున్నది. రాజులు మొదట కాలాముఖ, తరువాత గోళకీ ఆచార్యుల శిష్యులు. ఈ ఆచార్యులు వేదవిద్యను, వర్ణవ్యవస్థను తిరస్కరించలేదు. వీరశైవులు కులభేదాన్ని విమర్శించి, ఇష్టలింగ ధారణను ప్రధానం చేశారు. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని పిడుపర్తి సోమనాథుని పద్య బసవపురాణంలోని ఒక కథ తెలుపుతుంది. ఓరుగల్లులోని స్వయంభూ దేవాలయంలో భక్తులు బసవపురాణం వింటుండగా ప్రతాపరుద్రుడు అక్కడికి వచ్చాడని, అది ప్రమాణం కాని కొత్త గ్రంథమని ఒక బ్రాహ్మణుడు చెప్పగా వినకుండా వెళ్ళిపోయాడని ఆ కథ.

జైనులపై హింస - సాహిత్యం, శాసనాలు

కాకతీయులు జైనులను హింసించారనే అభిప్రాయానికి మూలం తరువాతి సాహిత్యం. కాసె సర్వప్ప రచించిన సిద్ధేశ్వర చరిత్ర, ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్ర ఇందులో ముఖ్యమైనవి. నెల్లూరు ప్రభువు మనుమసిద్ధికి సహాయం కోరుతూ తిక్కన ఓరుగల్లుకు వచ్చాడని, గణపతిదేవుని సభలో జైన, బౌద్ధ పండితులను వాదంలో ఓడించాడని, ఆపై రాజు వారిని శిక్షించాడని ఈ సంప్రదాయం చెబుతున్నది. బసవపురాణం వంటి వీరశైవ గ్రంథాలలో కూడా శివభక్తులు జైనులతో తలపడిన కథలు ఉన్నాయి.

ఈ కథనాలను పరిశీలించేటప్పుడు కొన్ని విషయాలను గుర్తుంచుకోవాలి.

* సిద్ధేశ్వర చరిత్ర, ప్రతాపరుద్ర చరిత్ర గణపతిదేవునికి రెండు శతాబ్దాలకు పైగా తరువాత వెలువడినవి. వాటిలో రాజుల వంశక్రమంలో కూడా శాసనాలకు విరుద్ధమైన అంశాలు ఉన్నాయి.
* వాదంలో గెలవడం, ఓడినవారిని రాజు శిక్షించడం అనేవి దక్షిణ భారత శైవ సాహిత్యంలో తరచుగా కనిపించే కథాంశాలు. తమిళదేశంలో తిరుజ్ఞాన సంబంధర్ గురించి కూడా ఇటువంటి కథ ఉన్నది.
* తిక్కన తన మహాభారతాన్ని శివకేశవుల ఏకరూపమైన హరిహరనాథునికి అంకితం చేశాడు. ఆయన రచన మతాల సమన్వయాన్ని కోరినది.

అయితే సాహిత్యం ఆలస్యమైనది అన్న కారణంతో ఘర్షణలే జరగలేదని నిర్ణయించడం కూడా సరికాదు. 12, 13 శతాబ్దాలలో తెలుగునాట జైన బసదులు తగ్గిపోయాయి. కొన్ని శివాలయాలుగా, అమ్మవారి గుడులుగా మారాయి. ఈ మార్పు ప్రతి చోట సామరస్యంగానే జరిగిందనడానికి ఆధారం లేదు. భక్తి ఉద్యమాల సాహిత్యంలో కనిపించే ద్వేషం కేవలం కవుల కల్పన కాకపోవచ్చు. జైనాన్ని పోషించిన వర్తకులు, అధికారులు కొత్త మఠాల వైపు మళ్ళడం, రాజాదరణ తగ్గడం దాని క్షీణతకు ప్రధాన కారణాలుగా భావిస్తున్నారు.

జైనం పూర్తిగా అంతరించలేదనడానికి బలమైన ఆధారం ఉన్నది. అప్పయార్యుడు అనే జైన పండితుడు జినేంద్ర కళ్యాణాభ్యుదయం అనే గ్రంథాన్ని 1319లో, ప్రతాపరుద్రుని పాలనలో, ఏకశిలానగరంలోనే, అనగా ఓరుగల్లులోనే పూర్తి చేశాడు. జైనులను నిర్మూలించాడని చెప్పబడే గణపతిదేవుని తరువాత అర్ధ శతాబ్దానికి పైగా గడిచినా, రాజధాని నగరంలో ఒక జైన పండితుడు జినపూజా విధానంపై గ్రంథం వ్రాయగలిగాడు. ఓరుగల్లు పతనానికి అప్పటికి నాలుగు సంవత్సరాలే మిగిలి ఉన్నాయి.

బౌద్ధానికి సంబంధించి ఒక శాసనం చెప్పుకోదగినది. అమరావతి ప్రాంతాన్ని పాలించిన కోట వంశపు రెండవ కేతరాజు 1182లో అమరేశ్వరునితో పాటు అక్కడి బుద్ధదేవునికి కూడా దీపదానాలు చేశాడు. తరువాత ఇదే వంశానికి చెందిన బేతరాజుకు గణపతిదేవుడు తన కుమార్తె గణపాంబను ఇచ్చి వివాహం చేశాడు.

ఐరోపాతో పోలిక

రాజు మతం మారినప్పుడు రాజ్యం మతం ఏమవుతుందన్న ప్రశ్న ప్రపంచ చరిత్రలో అనేక చోట్ల ఎదురయింది. 16వ శతాబ్దపు ఇంగ్లండు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఎనిమిదవ హెన్రీ 1534లో పోపు అధికారాన్ని తిరస్కరించి చర్చికి తానే అధిపతినని చట్టం చేయించాడు. ఆయన కుమారుడు ఆరవ ఎడ్వర్డు ప్రొటెస్టెంటు మతాన్ని బలపరచగా, ఆ తరువాత వచ్చిన మేరీ దేశాన్ని మళ్ళీ కాథలిక్ మతంలోకి తెచ్చింది. 1558లో రాజ్యానికి వచ్చిన మొదటి ఎలిజబెత్ 1559లో రెండు చట్టాల ద్వారా మధ్యేమార్గాన్ని నిర్ణయించింది. చర్చి పోపుకు కాక రాణికి లోబడి ఉంటుంది. దేశమంతటా ఒకే ప్రార్థన పుస్తకం వాడాలి. ఆదివారం చర్చికి రానివారు 12 పెన్నీల జరిమానా చెల్లించాలి.

కాకతీయ రాజ్యంలో ఇటువంటి చట్టం కనిపించదు. ప్రజలందరూ ఒకే దేవుని ఒకే పద్ధతిలో పూజించాలని ఆజ్ఞాపించే శాసనం లభించలేదు. కాకతీయ రాజు మతాధిపతి కాడు, ఒక గురువుకు శిష్యుడు మాత్రమే. ఆయన చేతిలోని సాధనం జరిమానా కాదు, దానం. ఇంగ్లండులో రాజు మారినప్పుడల్లా పూజావిధానం మారి, పాత విధానాన్ని పాటించేవారు నేరస్థులయ్యారు. కాకతీయ రాజ్యంలో గురువు మారినప్పుడు దానాల దిశ మారింది. అందువలన పాత మతం ఒక్క రోజులో నిషిద్ధం కాలేదు. కానీ దాని నూనె దీపానికి, అర్చకుని జీతానికి, గోడల మరమ్మతుకు దాతలు క్రమేణా కరవయ్యారు.

ముగింపు, నేటి ఆనవాళ్ళు

1323లో ఢిల్లీ సేనలు ఉలుఘ్ ఖాన్ నాయకత్వంలో ఓరుగల్లును జయించడంతో కాకతీయ రాజ్యం అంతరించింది. కోట మధ్యలో ఉన్న స్వయంభూ శివాలయం ధ్వంసమయింది. దాని నాలుగు దిక్కులా నిలిచిన కీర్తితోరణాలు మాత్రం నేటికీ ఉన్నాయి. మఠాలకు ఇచ్చిన భూములు, వాటిపై ఆధారపడిన విద్యాసంస్థలు కూడా క్రమంగా కనుమరుగయ్యాయి. ఒకప్పుడు జైన బసదుల నుండి శైవ మఠాల వైపు మళ్ళిన రాజాదరణ, రాజ్యంతో పాటే ముగిసింది.

కాకతీయుల మత చరిత్రను తెలిపే ప్రదేశాలు వరంగల్లు, హనుమకొండ, కాజీపేట పరిసరాలలో ఒకదానికొకటి కొద్ది దూరంలోనే ఉన్నాయి. అగ్గలయ్య గుట్టపై తీర్థంకరులు, పద్మాక్షి గుట్టపై 1117 నాటి జైన శాసన స్తంభం, కాలాముఖ ఆచార్యునికి ఇచ్చిన దానాన్ని తెలిపే కాజీపేట శాసనాలు, మూడు గర్భాలయాల వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోటలోని తోరణాలు ఇందులో ముఖ్యమైనవి.

పద్మాక్షి గుట్ట కింది కోనేటి వద్ద ప్రతి సంవత్సరం బతుకమ్మ పండుగకు వేలాది మహిళలు చేరి, బతుకమ్మలను నీటిలో నిమజ్జనం చేస్తారు. గుట్టపై మైలమ కట్టించిన బసదిలో నేడు పద్మాక్షి అమ్మవారు పూజలందుకుంటున్నది.